ఇసుక బస్తా

బంతి గోల్‌పోస్ట్‌కి ఠంగుమని తగిలి బయటికొచ్చేసింది.

"అయ్యో, చచ్చాం!" అని నెత్తి బాదుకున్నాడు మాంసం కొట్టాయన.

ఆడుతున్నది ఐదో తరగతి పిల్లలు. పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నది వాళ్ళ నాన్నలు.

ఎర్ర చొక్కాలది ఈ వీధి బడి, పచ్చ చొక్కాలది పక్క వీధి బడి. ఫైనల్ ఆట. చెరో గోలు.

మాంసం కొట్టాయన కొడుకు బుడ్డోడు ఎర్ర జట్టుకి గోల్‌కీపర్. పోయినేడాది ఇదే ఫైనల్లో పచ్చవాళ్ళు వాడి కాళ్ళ సందుల్లోంచే గోల్స్ కొట్టేశారు. వాడు అన్నం ముట్టలేదు, బడికి వెళ్ళనని మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. "ఈసారి ఓడిపోతే ఇంక ఆడను నాన్నా" అన్నాడు ఇవాళ పొద్దున.

అందుకే ఆయన కొట్టు మూసి మరీ వచ్చాడు. వచ్చేసరికి కూర్చోడానికి ఒక్క కుర్చీ లేదు. ఆయనకేం, గోల్‌పోస్ట్ వెనక పడున్న ఇసుక బస్తాలు రెండూ చెరో భుజాన వేసుకొచ్చి గీత పక్కన పడేశాడు. ఒకదాని మీద తను, రెండోదాని మీద టైలరూ, బస్సు డ్రైవరూ.

"అన్నా, అటు చూడు. ఎవడు వాడు?" అన్నాడు టైలరు.

గోల్‌పోస్ట్‌కే బిగించి వెనకాల నేల మీదుండే ఇనుప కడ్డీ మీద ఒక బక్కపల్చటి మనిషి కూర్చున్నాడు. రెండు చేతుల్తో దాన్నే పట్టుకుని మరీ కూర్చున్నాడు.

"వాడే ఊపుంటాడు! లేకపోతే బంతి లోపలికెళ్ళేదే."

విరామంలో ఆ మనిషే వాళ్ళ దగ్గరికొచ్చాడు.

"అయ్యా, ఈ బస్తాలు కాస్త ఇస్తారా? అక్కడ..."

"ఇచ్చి మేం నేల మీద కూర్చోవాలా? ముందొచ్చింది మేం. పోవయ్యా."

"అది కాదండీ, పిల్లలు..."

"పిల్లల సంగతి మేం చూసుకుంటాంలే. కదులు!"

ఈల వినబడింది. ఆ మనిషి పరుగున వెళ్ళి మళ్ళీ ఆ కడ్డీ మీదే కూర్చున్నాడు.

వైపులు మారాయి. ఇప్పుడా గోల్‌లోకి బుడ్డోడొచ్చాడు.

ఆట అయిపోవస్తుంటే ఎర్రవాళ్ళు ఇంకో గోలు కొట్టారు. మాంసం కొట్టాయన అరిచిన అరుపుకి పక్క చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. గెలిచినట్టే, ఇంక కాసేపు ఆగితే చాలు.

అప్పుడు చూశాడాయన. వెనకనుంచి ఆ మనిషి బుడ్డోడితో ఏదో అంటున్నాడు. వేలు చూపించి మరీ అంటున్నాడు. బుడ్డోడి మొహం చిన్నబోయింది.

"నా కొడుకునే బెదిరిస్తావురా!"

ముగ్గురూ వెళ్ళి చొక్కా పట్టుకున్నారు. పిల్లలు చూడకుండా నీళ్ళ ట్యాంకు వెనక్కి ఈడ్చుకెళ్ళారు.

మొదటి దెబ్బకే ఆ మనిషి పెదవి చిట్లింది. రెండో దెబ్బకి గోడకి తల కొట్టుకుంది. రోజూ ఎముకలు నరికే చెయ్యి అది, ఊరికే పోతుందా?

"పచ్చవాళ్ళు ఎంతిచ్చార్రా నీకు?"

"నన్ను తర్వాత కొట్టండి బాబూ. ముందు అక్కడెవరైనా కూర్చోండి!"

"విన్నారా? వాడి సీటు కాపలా కాయాలంట మనం!" అని పగలబడి నవ్వాడు డ్రైవరు. నవ్వుతూనే డొక్కలో తన్నాడు. కింద పడ్డవాడి చేతిని టైలరు చెప్పుకాలితో తొక్కాడు.

"అక్కడ కూర్చోండయ్యా... మీకు దణ్ణం పెడతా..."

మైదానంలో ఒక్కసారిగా గోలగోలైంది. పచ్చవాళ్ళకి పెనాల్టీ!

ఆ మనిషిని అక్కడే వదిలేసి ముగ్గురూ పరిగెత్తారు.

పచ్చ చొక్కా సన్నటి పిల్లాడొకడు బంతి పెట్టుకుని నిలబడ్డాడు. తన్నడే! గోల్‌పోస్ట్ వెనక్కి చూస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, మళ్ళీ వెనక్కే చూస్తాడు.

"జడుసుకున్నాడు, జడుసుకున్నాడు!" అన్నాడు టైలరు.

పిల్లాడు చివరికి తన్నాడు. కాల్లో సత్తువ లేదు. బంతి నేరుగా వచ్చి బుడ్డోడి చేతుల్లో పడింది.

పొడవాటి ఈల. ఎర్రవాళ్ళు గెలిచారు!

మాంసం కొట్టాయన బస్తా ఎక్కి గంతులేశాడు. అక్కడ బుడ్డోడు ఎగిరి గోల్‌పోస్ట్ పై కడ్డీ పట్టుకుని వేలాడాడు. వాడి పక్కన ఇంకో ఇద్దరు.

అది నేలలో పాతింది కాదు, ఈడ్చుకొచ్చి నిలబెట్టింది. వెనక బరువు లేకపోతే ముందుకి పడిపోతుంది.

పడిపోతోంది.

మాంసం కొట్టాయన కాళ్ళ కింద ఇసుక బస్తా మెత్తగా ఉంది.

ట్యాంకు వైపునుంచి ఎవరో నెత్తురు కారుతూ దూసుకొచ్చారు. పిల్లల్ని పక్కకి తోసేశారు. పై కడ్డీ ఆ మనిషి మెడ మీద పడింది.

అందరూ చేరి పైకెత్తారు. టైలరు ఏడుస్తూ, ఇప్పుడెందుకో ఏమో, బస్తా మోసుకొచ్చాడు.

"వేలాడొద్దని ఈ మామయ్య ఇందాకే చెప్పాడు నాన్నా" అన్నాడు బుడ్డోడు వెక్కుతూ. "నేనే మర్చిపోయా."

కొట్టిన చేతుల్తోనే ఆ తలని ఒళ్ళోకి తీసుకున్నాడు మాంసం కొట్టాయన. ఎంత పిలిచినా పలకలేదు.

"ఎవరండీ ఈయన? ఎవరి తాలూకు?" అని జనాన్ని చూసి బావురుమన్నాడు.

పెనాల్టీ తన్నిన ఆ పచ్చ చొక్కా పిల్లాడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, "నేను తన్నేటప్పుడు గోలు వెనకాలే ఉంటానన్నావు కదా నాన్నా, ఎక్కడికెళ్ళిపోయావ్?" అన్నాడు.