తోడొచ్చాను

ఆ డిస్కౌంటు షాపు ముందు నుంచి ఆమె రెండుసార్లు నడిచి వెళ్ళిపోయింది.

మూడోసారి అటూ ఇటూ చూసి, తెలిసిన మొహం ఏదీ లేదని రూఢి చేసుకుని, దొంగలా లోపలికి దూరింది.

పదకొండేళ్ళుగా సరుకులు ఇంటి దగ్గరున్న పెద్ద షాపులోనే. అక్కడ నేల అద్దంలా ఉంటుంది. మనుషులు ఎదురొచ్చి పలకరిస్తారు. కానీ మిల్లులో మూడొంతుల మందిని తీసేశారు. స్టోర్సులో పనిచేసే ఆమె భర్తను ఉంచారు గానీ, సగం జీతానికి. ఆ మాత్రం ఉన్నందుకే సంతోషించాలన్నాడాయన. ఆ తర్వాత ఎప్పుడు ఆ మాటెత్తినా లేచి అవతలికి వెళ్ళిపోయేవాడు.

ఇంట్లో ఎదిగే పిల్లలు. నెల సగం కాకుండానే డబ్బాల అడుగులు కనబడుతున్నాయి.

ఈ షాపులో అరలు లేవు. అట్టపెట్టెలను నడిమికి కోసి నేలమీదే పెట్టేశారు. సొట్టలు పడ్డ డబ్బాలు, చిరుగుకు టేపు అంటించిన పిండి పొట్లాలు, గడువు దగ్గరపడినవాటి మీద పసుపు చీటీలు. ట్రాలీకి ఒక చక్రం కుంటిది. ఆమె వచ్చిన సంగతి ఊరంతా చాటుతున్నట్టు అడుగడుగునా కిర్రుమంటోంది.

టొమాటో డబ్బా ఒకటి తీసి, సొట్ట చూసి, మళ్ళీ పెట్టేసింది.

"సొట్టకేం ఫరవాలేదమ్మా. ఉబ్బినదే తీసుకోకూడదు," అందో గొంతు పక్కనుంచి.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. మోచేతుల దగ్గర అరిగిపోయిన స్వెట్టరు, ఉతికి ఉతికి రంగు వెలిసిన గుడ్డసంచి.

ముసలావిడ అడగకుండానే వెంట నడిచింది. ఏ వరసలో ఏం దొరుకుతుందో చెప్పింది. పసుపు చీటీ ఉన్నా బియ్యానికి భయం లేదంది. పప్పులు మాత్రం పురుగుందేమో వెలుతుర్లో చూసుకోమంది. ఇక్కడ సంచులివ్వరని, కావాలంటే తన దగ్గర ఇంకోటుందని కూడా అంది.

ఆమెకు ఒళ్ళు ముడుచుకుపోయింది. ఈ మనిషి నన్ను కూడా తన కోవలో జమ కట్టేసిందే అనుకుంది. ముక్తసరిగా తలూపుతూ, ఎలా వదిలించుకోవాలా అని చూస్తోంది.

సరిగ్గా అప్పుడే, సబ్బుల వరస మలుపులో, మేడమీది వాటా ఆవిడ ఎదురైంది.

"మీరేంటండీ ఇక్కడ?"

మాట ఆమెతోనే గానీ, చూపు ట్రాలీ మీద ఉంది. తనైతే కుక్కకు బిస్కెట్ల కోసం వచ్చానని, ఎవరూ అడక్కుండానే చెప్పుకుంది మేడమీదావిడ. ఆ కుక్క పోయి ఏడాదయిందన్న సంగతి ఆ కంగారులో ఆమెకు తట్టనే లేదు.

అబద్ధం తనంతట తనే నోట్లోంచి ఊడిపడింది.

"ఈ పెద్దావిడ ఇదివరకు మా ఇంట్లో పనిచేసేదండీ. పాపం, చూపు ఆనడం లేదు. సరుకులు కొనిపెడదామని తోడొచ్చాను. ఇవన్నీ ఈవిడవే."



మేడమీదావిడ తెగ మెచ్చుకుంది. ఈ రోజుల్లో పనివాళ్ళను ఇంతలా ఎవరు చూస్తున్నారంది. మిల్లు స్టోర్సులో మీ ఆయన ఉద్యోగం నిలిచిందంటే మీ మంచితనమే కాపాడిందంది.

ఆ మాటకు ముసలావిడ తలతిప్పి ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత కళ్ళు చికిలించి, ట్రాలీ పిడి కోసం చేత్తో తడుముకుంది.

"అమ్మగారు చల్లని తల్లండీ. ఆవిడ లేకపోతే నా గతేంటి," అంది.

మేడమీదావిడకు జాలేసింది. చెవుడు కూడా ఉందనుకుందో ఏమో, ఆరోగ్యం జాగ్రత్త అని గట్టిగా అరిచి చెప్పింది. కుక్క కోసమన్న బిస్కెట్లలోంచి ఒక పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ముసలావిడ రెండు చేతులా అందుకుంది.

మేడమీదావిడ అటు వెళ్ళాక ఆమె తలెత్తలేకపోయింది. ఏదో ఒకటి అనాలి.

"మొదటిసారి ఎవరికైనా ఇలాగే ఉంటుందిలేమ్మా," అంది ముసలావిడ. బిస్కెట్ల పొట్లం ట్రాలీలో పెట్టి, పిల్లలకివ్వమంది.

ఆమె గబగబా డబ్బు కట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా బయటపడింది.

ఆ వారమంతా ఎవరు తలుపు తట్టినా ఉలిక్కిపడింది. అమ్మగారు అన్న పిలుపు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

క్షమించమని అడగాలని మళ్ళీ వెళ్ళింది. ఈసారి అటూ ఇటూ చూడలేదు. వరసలన్నీ వెతికింది. ముసలావిడ లేదు. రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళి, కౌంటరు దగ్గర అడిగింది. ఆవిడ సోమవారమే గది ఖాళీ చేసి, దూరాన ఎక్కడో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయిందని చెప్పారు. మిల్లులో ఉద్యోగం పోయాక ఇక్కడ నెట్టుకురాలేకపోయిందట. అడ్రసు ఎవరికీ తెలియదు.

సాయంత్రం పిల్లలు ఆటలకు వెళ్ళాక, భర్త ఎదురుగా కూర్చుని అంతా చెప్పేసింది. షాపుకు వెళ్ళడం, తను ఆడిన అబద్ధం, ముసలావిడ అన్న మాట, ఏదీ దాచలేదు. మిల్లులో పనిచేసిన మనిషేనట, మీకు తెలుసా అని అడిగింది.

మనిషి ఎలా ఉంటుందని ఆయన రెండుసార్లు అడిగాడు. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"నీకు చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ దాచాను," అన్నాడు చివరికి. "స్టోర్సులో ఉంచుతామన్నది ఒక్కరినే. ఆ ఒక్క పేరూ ఆవిడదే. తను ఒంటిమనిషినని, నాకు ఇద్దరు పిల్లలున్నారని చెప్పి, తన పేరు కొట్టేయించి నాది రాయించింది."