పట్టకారు దించే రోజు

"టీవీ ఏమైందిరా?" పెరట్లోంచి అడిగింది ఓజెల్లా.

"గాలికి తీగ తెగిందమ్మా," అన్నాడు క్లీటస్, తెగిన తీగ ముక్క చొక్కాలో దోపుకుంటూ.

"ఆకు కదలట్లేదు. గాలెక్కడుందిరా?"

"తెంపేసి వెళ్ళిపోయింది."

"ఈ ముదనష్టపు టీవీకి జూన్ పడదు," అని సణుక్కుంటూ ఆవిడ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

క్లీటస్ వంటింట్లోకి వచ్చి, చెల్లెలు వెర్నిస్ పక్కన కూలబడి చెమట తుడుచుకున్నాడు. వాళ్ళమ్మకి ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళు రెండూ ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది. అయినా ఏటా జూన్‌టీన్త్‌కి, అంటే బానిసలకు విడుదలైందన్న కబురు ఈ గాల్వెస్టన్ రేవుకు చేరిన జూన్ పంతొమ్మిదిన, చర్చి జనానికంతా పంది పక్కటెముకలు కాల్చి పెట్టేది ఆవిడే. పూర్వీకుల నెత్తుటికి గుర్తుగా అన్నీ ఎరుపే: ఎర్ర సాస్, ఎర్ర సాసేజీలు, ఎర్ర సోడా. ఆ రోజు ఎరుపు లేని పళ్ళెం ఆవిడ లెక్కలో పళ్ళెమే కాదు.

చిక్కల్లా ఆవిడ పెట్టుకున్న ఒట్టుతోనే. టెక్సాస్ రాష్ట్రం ఆ రోజుకి ఎప్పుడో సెలవిచ్చింది. ఓజెల్లాకి అది ఆనలేదు. "ఒక్క టెక్సాస్‌కేంటి పండగ? దేశమంతా తలుపులు మూయాలి. మూసిన నాడు ఈ పట్టకారు దించేసి కుర్చీలో కూర్చుంటా. అప్పుడు మీరు వండి నాకు పెట్టాలి," అని చర్చి మెట్ల మీద నిలబడి అందరి ఎదుటా అంది. అన్న మాట తప్పే మనిషి కాదు. జనం చప్పట్లు కొట్టారు. జరిగే పని కాదులే అన్న ధైర్యంతో కొట్టిన చప్పట్లవి.

తీరా చూస్తే వాషింగ్టన్‌లో సంతకం పడి కూర్చుంది. ఇక ఆ కబురు ఓజెల్లా చెవిన పడకుండా చర్చి మొత్తం కాపలా కాస్తోంది. ఎందుకంటే ఆవిడ దించితే ఆ పట్టకారు పట్టాల్సింది క్లీటస్. అతను ఒకసారి కాల్చిన పక్కటెముకను వీధి కుక్క నోట కరుచుకుపోయి, కాసేపాగి తెచ్చి అతని కాళ్ళ దగ్గరే పెట్టింది.

"చెప్పేద్దాం అన్నయ్యా," అంది వెర్నిస్. "ఆ మోకాళ్ళు చూస్తుంటే పాపం అనిపిస్తోంది."

"చెప్పు. చెప్పి సాయంత్రం నా వంట తిను."

కిటికీలోంచి కాలుతున్న మాంసం వాసన గుప్పుమంది. వెర్నిస్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంతలో ఫోను మోగింది. క్లీటస్ ఎత్తి, ఒక్క క్షణం విని, టక్కున పెట్టేశాడు.

"ఎవర్రా?" కిటికీ దగ్గరికొచ్చి అడిగింది ఓజెల్లా.

"రాంగ్ నంబరమ్మా."

"హ్యూస్టన్‌లో మీ అత్త గొంతులా వినపడిందే."

"రాంగ్ నంబరు వాళ్ళకీ గొంతులుంటాయి కదమ్మా."

ఓజెల్లా వీధి గేటు వైపు చూసింది. "పోస్టువాడు ఇంకా రాలేదేం?"

"వాళ్ళ కుక్క ఈనిందట," అంది వెర్నిస్.

"కుక్క ఈనితే వాడెందుకు మానాడు?"

"మంత్రసాని వాడే."

ఓజెల్లా పొయ్యి మీద పక్కటెముకలు తిరగేసింది. "మంచివాడు పాపం. వాడికో పళ్ళెం తీసిపెట్టు."

మధ్యాహ్నానికి పెరడు నిండిపోయింది. అందరూ తింటున్నారు, వాతావరణం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు. ఆ వారమే ఊరికొచ్చిన కొత్త పాస్టరు థడియస్ పళ్ళెం పట్టుకుని తిన్నగా ఓజెల్లా దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి చర్చి తాళాలు అప్పగించారు, పాటల పుస్తకాలు అప్పగించారు. అసలు సంగతి చెప్పడం మాత్రం ఎవరికి వాళ్ళు మరొకరు చెప్పుంటారని వదిలేశారు.

"అమృతం తల్లీ," అన్నాడు పాస్టరు. "మా తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చా. డెట్రాయిట్ బ్యాంకులో పని వాడికి. ఇవాళ దేశమంతా సెలవే కాబట్టి రాగలిగాడు."

క్లీటస్ ఒక్క అంగలో వచ్చి సీసాడు ఎర్ర సోడా ఆయన మీద కుమ్మరించాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఏం సెలవు?" అంది ఓజెల్లా.

"జూన్‌టీన్త్ సెలవే తల్లీ. ప్రెసిడెంటు సంతకం పెట్టాడు కదా," అన్నాడు పాస్టరు ప్యాంటు పిండుకుంటూ.

పెరట్లో దవడలన్నీ ఆగిపోయాయి. ఓజెల్లా పట్టకారు మెల్లగా బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా నాన్న ఈ మాట వినకుండానే పోయాడు," అని చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నీకు తెలుసురా?"

"తెలుసమ్మా."

"నీకూ తెలుసటే?"

వెర్నిస్ తలూపింది. ఓజెల్లా చర్చి జనం వైపు చూసింది. చర్చి జనం తమ బూట్ల వైపు చూసుకున్నారు.

"మరెందుకు దాచారు?"

"నువ్వు మానేస్తావని," అన్నాడు క్లీటస్. "నా చేతి వంట నీకు తెలుసుగా."

"ఆనాటి దొరలూ ఇంతే చేశారు. విడుదల మాట తెలిసీ పత్తి చేతికొచ్చేదాకా మన వాళ్ళ చెవిన వెయ్యలేదు. ఏకంగా రెండున్నరేళ్ళు. వాళ్ళకి పత్తి, మీకు పక్కటెముకలు."

వెర్నిస్ బావురుమంది. దాంతో ఓజెల్లా మనసు కరిగిపోయింది.

"ఊరుకోవే. వాళ్ళతో మీకు పోలికేంటి, నోరు జారింది. వాళ్ళు ఏళ్ళకేళ్ళు దాచిన పాపిష్టోళ్ళు. మీరు పొద్దుట్నించేగా," అని పట్టకారు కొడుకు చేతిలో పెట్టింది. "కానీయ్. మాడిస్తే ఊరుకోను."

పాస్టరు ఏదో అనడానికి నోరు తెరిచాడు. వెర్నిస్ అందులో ఎర్ర కేకు ముక్క కుక్కింది.

ఆ సంతకం పడి మూడేళ్ళయింది.