చెవి వాటా

వేసవి మేతకని కొండ మీద వేసిన గుడారంలో, కచ్కిన్‌బాయ్ పళ్లెంలోని గొర్రె తల నుంచి చెవి కోసి, టీ పోస్తున్న కోడలి వైపు చాపాడు.

"తీసుకో నుర్జాత్. ఇది తిని ఇకనైనా మీ అత్త మాట విను."

విందులో చెవి వాటా ఇంట్లో చిన్నవాళ్లది. అది తింటే పెద్దల మాట వినడం అబ్బుతుందని ఇస్తారు. కచ్కిన్‌బాయ్ అందరికన్నా పెద్ద కాబట్టి తల ఆయన ముందు పెట్టారు.

"ఇప్పటికి ఎన్ని చెవులు తిందో," అంది అత్త బురుల్చా, గుడారం బయటికి కూడా వినిపించే గొంతుతో. "నేను ఇటు నుంచి పిలిస్తే ఆవిడగారు అటు కొండకేసి చూస్తుంది. మందలోని చెవులన్నీ కోసి పెట్టినా ఇంతే."

అందరూ నవ్వారు. నుర్జాత్ వంగి చెవి అందుకుని, తూలింది. మరో చేతిలోని టీ గిన్నె పెరిజాత్ ఒడిలో ఒలికింది.

పెరిజాత్ బురుల్చా అన్న కూతురు, నరీన్ పట్నంలో చెవి డాక్టరు. ఆమె బట్టలు దులుపుకోలేదు. నుర్జాత్‌ను పట్టుకుని కూర్చోబెట్టింది. పొయ్యి పొగలోంచి ఇంకో వాసన ఆమె ముక్కుకు తగిలింది. కోడలి తెల్ల రుమాలు పక్కకు జరిపింది. ఎడమ చెవిలో దూది ఉంది, తడిగా.

"చీము ఎప్పటి నుంచి కారుతోంది?"

నుర్జాత్ అత్త వైపు చూసింది.

"చలిగాలి కొట్టింది," అంది బురుల్చా. "గొర్రె తోక కొవ్వు కాచి పోస్తున్నాను. పడుకునే ముందు పొయ్యాలి, పొద్దున దూది మార్చాలి. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. దానికి డాక్టరెందుకు?"

"ఈ వైపు వినబడుతుందా?" అడిగింది పెరిజాత్.

"లేదు వదినా," అంది నుర్జాత్. "మునుపు కొండెక్కితేనే తల తిరిగేది. ఇప్పుడు పాలు పితుకుతున్నా తిరుగుతోంది."

నవ్వులు ఆగాయి. పెరిజాత్ సంచిలోంచి చెవి చూసే దీపం తీసి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"కర్ణభేరి లోపలికి పీక్కుపోయి సంచిలా అయింది," అంది. "అందులో చర్మం పెరుగుతోంది. ఉన్ని తొక్కి కంబళి చేస్తామే, అలా పొర మీద పొర చేరుతుంది. ఆ ముద్ద ఎముకను తినేస్తుంది. కొలెస్టియటోమా అంటారు."

"కొలెస్ట్రాల్ లాగా కొవ్వు తింటే వచ్చేదా?" అన్నాడు కచ్కిన్‌బాయ్, నోటి దగ్గరికి తెచ్చిన ముక్కను ఆపి.

"పేరే అలా ఉంది తాతా. కొవ్వుకీ దీనికీ సంబంధం లేదు, తినండి. ఇది క్యాన్సరు కూడా కాదు. కానీ దానంతట అది ఆగదు. వినికిడి పోతుంది, తల తిరుగుతుంది. మూతి వంకర పోవచ్చు. చీము మెదడుకు పాకితే ప్రాణం మీదికి వస్తుంది."

"చుక్కల మందు?" అంది బురుల్చా.

"చీము తగ్గిస్తుంది. ముద్దను కరిగించదు. ఆపరేషన్ చెయ్యాలి."

"ఎక్కడ కోస్తారు?"

"చెవి వెనక. ఎముక తొలిచి ఆ ముద్దంతా తీసేస్తాం. మత్తిస్తాం, తెలియదు."

"కోసేటప్పుడే మూతి వంకర పోతే?"

"మూతిని కదిలించే నరం అక్కడే ఉంటుంది. ప్రమాదం లేదనను, తక్కువ. కోయకపోతే ఎక్కువ."

"మళ్లీ వినబడుతుందా?"

"మాటివ్వలేను. ముందు చెవి పొడిబారాలి. వినికిడి ఎంత తిరిగొస్తే అంత."

"ఇంకొన్నేళ్లు ఆగి చేయించుకుంటే?"

"చెయ్యొచ్చు. అప్పటికి లోపల ఏం మిగులుతుందో నేను చెప్పలేనత్తా."

బురుల్చా తన రుమాలు ముడి బిగించుకుంది. "వద్దు. ఈ ఇంటి కోడలి తలకు ఎవరూ కత్తి పెట్టరు."

పెద్దల మధ్య కోడలు నోరెత్తదు. నుర్జాత్ గొర్రె చెవిని తిరిగి పళ్లెంలో పెట్టింది.

"నేను వెళ్తాను," అంది.

ద్వారం దగ్గర కూర్చున్న ఆమె భర్త మెలిస్ లేచి, బండి తాళాల కోసం జేబులు తడుముకున్నాడు.

మందలు కొండ దిగాక, ఊళ్లో బురుల్చా ఇంట్లో ఇంకో గొర్రెను కోశారు. పెరిజాత్‌నూ పిలిచారు. నుర్జాత్ రుమాలు చెవుల వెనక్కి కట్టుకుని టీ పోస్తోంది. చెవిలో దూది లేదు. చెవి వెనక ఒక గీత ఉంది.

కచ్కిన్‌బాయ్ ఆమె ఎడమ పక్కకు చేరి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకో గిన్నె."

"ఇప్పటికే చాలా తాగారు తాతా. రాత్రి నిద్ర పట్టదు," అంది నుర్జాత్.

ఇల్లంతా చప్పట్లు. కచ్కిన్‌బాయ్ తన టోపీ పైకి విసిరి పట్టుకున్నాడు.

"పూర్తిగా రాలేదు, చాలా వరకు వచ్చింది," అంది పెరిజాత్. "చెవి పొడిగా ఉంది, అది ముఖ్యం. ఏటా చూపించుకోవాలి. ఇది మళ్లీ రాగలదు."

"నుర్జాత్," అని బురుల్చా కేక పెట్టింది.

"అంత అరవకండి అత్తమ్మా. పక్కనే ఉన్నాను," అంది నుర్జాత్, అత్త ఎడమ వైపు నుంచి.

"ఏమంది?" అని బురుల్చా కుడి పక్కనున్న ఆవిడను అడిగింది.

మళ్లీ నవ్వులు. గొర్రె తల ఉన్న పళ్లేన్ని కచ్కిన్‌బాయ్ పెరిజాత్ ముందుకు తోశాడు.

"ఇవాళ నువ్వు కొయ్యి. చెవులు కొయ్యడంలో మాకన్నా నీ చెయ్యి నయం."

పెరిజాత్ చెవి కోసి, అలవాటుగా నుర్జాత్ వైపు చాపింది. మధ్యలో బురుల్చా చెయ్యి వచ్చి దాన్ని లాక్కుంది. అందరూ చూస్తుండగా నమిలి మింగింది. తర్వాత రుమాలు ముడి విప్పి, తన ఎడమ చెవిలోంచి తడి దూది తీసి అరచేతిలో పెట్టుకుంది.

"కోడలు బాగై వచ్చిందిగా," అంది. "ఇప్పుడు నాది చూడు."