శవపెట్టె ఇచ్చినాయన

"జరుగక్కా, ఇంకో పది మందే!" అంటూ పెర్లిటా లుద్‌వినాను వెనక నుంచి తోసింది.

హాంకాంగ్ ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్ ఆడవాళ్లు తమ దేశపు ఎన్నికల్లో ఓటు వేయడానికి ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ఎండలో బారులు తీరారు.

"ఇంటికి డబ్బు పంపుతామని ఎయిర్‌పోర్టులో మనల్ని దేశానికి వీరులంటారుగా! ఆ గవర్నరుగాడికి మన తడాఖా చూపిద్దాం," అంది పెర్లిటా.

లుద్‌వినా తలూపింది. ఆ గవర్నరు కట్టించిన వరదగట్టు నిరుడు తెగి, ఆమె తమ్ముడు కొట్టుకుపోయాడు. ఇప్పుడా గవర్నరే సెనేట్‌కు నిలబడ్డాడు.

అంతలో ఊరి నుంచి తల్లి ఫోన్ చేసింది.

"ఓటు ఆయనకే వెయ్యవే. తమ్ముడికి శవపెట్టె ఆయనే పంపించాడు."

"గట్టు సరిగ్గా కట్టించుంటే పెట్టెతో పనేముందమ్మా?"

"మిగతావాళ్లు గట్టూ కట్టరు, పెట్టే ఇవ్వరు. రేపు నేను పోతే నా పెట్టె ఎవరు తెస్తారు?"

"నేను లేనా?"

తల్లి నిష్ఠూరమేమీ లేకుండానే అడిగింది.

"తమ్ముడు పోతే రాగలిగావా తల్లీ? ఆయన వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు."

యజమానురాలు సెలవివ్వలేదని లుద్‌వినా మళ్లీ చెప్పబోయి మానుకుంది. ఓటు వేసే గదిలోంచి పిలుపు వచ్చింది.

ఓటు వేసి ఆమె బయటికి వచ్చిన కాసేపటికి పెర్లిటా కూడా నవ్వుతూ వచ్చింది.

"నాదొకటి, నీదొకటి. వాడి నెత్తిన రెండు మొట్టికాయలు పడ్డాయక్కా!"

"ఒకటే పడింది," అంది లుద్‌వినా. "నేను మా అమ్మ ఓటు వేసొచ్చాను."