అద్దాలు తీసే వేళ

"తియ్యి పిల్లా, అద్దాలు తియ్యి! మూడైంది. కండ్లకు జర రెస్టియ్యాలె."

దానమ్మ కోడలి ముక్కు మీది కళ్లద్దాలు లాక్కుని కొంగున ముడేసుకుంది. గ్రేస్‌కు ఒళ్లు మండిపోయింది.

"రోజూ గిదేంది అత్తమ్మా? అద్దాల్లేకుంటె నాకంత మసక మసకనే."

"మసకుంటె పండుకో. గంటసేపు మంచం దిగకు."

వరండాలోంచి మామ అబ్బయ్య కేకేశాడు. "కోడలా, నలుగురొచ్చిన్రు. చాయ్ పెట్టు!"

"అద్దాలు తీసింది. పొయ్యి కాడికి పోతె చెయ్యి కాల్చుకుంటది. నేనే తెస్త," అంది దానమ్మ.

గ్రేస్ మంచం మీద పళ్లు కొరుక్కుంది. సోడాబుడ్డి కోడలు వచ్చినవాళ్ల కంట పడితే అత్తకు నామోషీ! పెళ్లయి ఏడాదైనా ఆ సిగ్గు పోలేదన్నమాట.

మరునాడు వంట ముగించి, ఆరో నెల కడుపుతో నాచారంలో బస్సెక్కి లాలాపేట్ వెళ్లింది. కళ్ల డాక్టరు అంతా విని నవ్వాడు.

"అద్దాలు తీస్తే కళ్లకు విశ్రాంతి దొరుకుతుందన్నది ఉత్త మాటమ్మా. పెట్టుకుంటే కళ్లు పాడవ్వవు. పొద్దస్తమానం పెట్టుకో."

"వందనాలు సార్! నా పాణం నిలబెట్టిన్రు," అంటూ గ్రేస్ చేతులెత్తి మొక్కింది.

ఇల్లు చేరేసరికి సరిగ్గా మూడు. అబ్బయ్య వరండాలో బీడీ కాలుస్తున్నాడు. గ్రేస్ గడప దాటుతూనే గొంతెత్తింది.

"అత్తమ్మా! డాక్టర్ చెప్పిండు. అద్దాలు తీసుడు..."

దానమ్మ పరుగున వచ్చి కోడలి నోరు మూసింది. రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"మెల్లగ! మీ మామ ఇంటడు."

"ఇననియ్యి! అద్దాలు తీస్తె కండ్లకు రెస్టు రాదంట."

"నాకెర్కనే పిల్లా."

గ్రేస్ నోరు తెరిచింది. "ఎర్కనా? మరి రోజూ ఎందుకు గుంజుకుంటవ్?"

"పొద్దుగాల నాలుగింటికి లేస్తవ్. అయిదుగురు మొగోళ్లకు మూడు షిఫ్టుల వండుతవ్. నడుము నొస్తుంది, జర పండుకుంటదంటె మీ మామ ఊకుంటడా? ఆడది పగటిపూట మంచమెక్కుడేందంటడు. కోడలి కండ్లు పోతయంటె మాత్రం భయపడ్డడు. నేనే చెప్పిన, దవాఖానాల గట్ల చెప్పిన్రని."

రెండు నెలలుగా గ్రేస్ అత్తను లోలోపల ఎంత తిట్టుకుంది! పసుపు మరకలతో, గరుకుగా ఉన్న ఆ చేతులు రెండూ తీసుకుని కళ్లకద్దుకుంది. అద్దాలు తనే తీసి అత్త దోసిట్లో పెట్టింది.

"నువ్వు గూడ రా అత్తమ్మా. నా పక్కన జర నడుము వాల్చు."

దానమ్మ నవ్వుతూ అద్దాలు కొంగున ముడేసుకుని, చాయ్ గిన్నె అందుకుంది.

"నాకెట్ల కుదుర్తది బిడ్డా? నాకు అద్దాల్లేవు గద!"