క్యాబేజీ మడి చుట్టూ ఆవాలు

విశ్రాంత ఇంజినీరుగారు చేతికర్ర కొనతో ఒక ఆవమొక్కను పైకెత్తి చూశారు.

ఆకు జల్లెడలా ఉంది. అడుగున పచ్చపురుగులు కిటకిటలాడుతున్నాయి.

"ఏమయ్యా, క్యాబేజీ వేయమంటే చుట్టూ ఆవాలు చల్లి పురుగులకు సంతర్పణ చేస్తున్నావా?"

ముసలి తోటమాలి కొడవలి కింద పెట్టి లేచాడు.

"పురుగుకు ఆవాకు అంటే ప్రాణం సార్. అది దొరికినన్నాళ్ళూ క్యాబేజీ జోలికి పోదు. అందుకే రెండూ పక్కపక్కన వేశాను."

"ముప్పై అయిదేళ్ళు ఇంజినీరుగా చేసినవాణ్ణి. నాకే పాఠాలా?"

"అమ్మగారికి ఈ కాపు దక్కాలని సార్, అంతే."

ఆ మాట నిజమే. ఇరవై ఏళ్ళుగా భార్య చేతి మీద సాగిన మడి అది. ఆపరేషన్ తరువాత ఆవిడ వంగలేకపోతోంది. కిటికీ పక్కన మంచం మీంచి రోజూ దానినే చూస్తూ, "అది చేతికొస్తే నేనూ లేస్తాను" అంటోంది.

అందుకే ఆ పురుగులను చూసేసరికి ఇంజినీరుగారికి ఒళ్ళు మండింది.

"రేపటినుంచి రావద్దు."

ముసలాయన కొడవలి అందుకుని కదిలాడు. గేటు దగ్గర మాత్రం ఒకసారి ఆగాడు.

"ఆవాలు పీకకండి సార్."

ఆయన వీధి మలుపు తిరగకముందే ఇంజినీరుగారు మొదటి మొక్క పీకారు. సాయంత్రానికి మడి స్కేలు పెట్టి గీసినంత శుభ్రంగా తయారైంది.

నాలుగో రోజున పురుగులు క్యాబేజీ మీద పడ్డాయి. పదో రోజుకు ఈనెలే మిగిలాయి.

ఇంజినీరుగారు తలవంచుకుని భార్య గదిలోకి వెళ్ళారు.

"నీ మడి నేనే పాడుచేశాను. అతణ్ణి పిలిపిస్తాను, ఇల్లెక్కడో చెప్పు."

"గది ఖాళీ చేసి వెళ్ళిపోయారట. ఎక్కడికో ఎవరికీ తెలియదు."

"పోనీ, ఇంకో తోటమాలిని చూద్దాం."

"ఆయన తోటమాలి కాదండీ." ఆవిడ చూపు కిటికీ వైపే ఉంది. "మీకు చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

"మరి ఎవరు?"

"మీ ఉద్యోగం కొత్తల్లో ఒకసారి మన గుమ్మం దాకా వచ్చారు. మీరు తీరిక లేదని బయటికి రాలేదు, నేనే మంచినీళ్ళిచ్చి పంపాను."

ఆవిడ భర్త వైపు తిరిగింది.

"మీ మొదటి వంతెన కొలతల్లో మీరు చేసిన తప్పును తనదేనని రాసిచ్చి ఉద్యోగం పోగొట్టుకున్న డ్రాఫ్ట్స్‌మన్."