గోడ ముందు గడప

ఆ పాత సత్రంలో నాకిచ్చిన గదిలో, గోడ ముందు ఒక గడప ఉంది. తలుపు లేదు, ద్వారబంధం లేదు, ఉత్త రాతి గడప. పాత కట్టడాల కొలతలు తీయడం నా పని కాబట్టి టేపు పట్టుకుని దాని ముందే కూర్చున్నాను. పాదాల రాపిడికి మధ్యలో గుంటపడింది. గదంతా దుమ్మే, ఆ గుంటలో మాత్రం లేదు.

"ఒకప్పుడు రోడ్డు అటు ఉండేది నాయనా," అంది సత్రం చూసుకునే పెద్దమ్మ, లాంతరు తగిలిస్తూ. "అది ఇటు మారాక మా మామగారు ఆ వాకిలి మూయించి, పెరటి వైపు కొత్తది పెట్టించారు. సరేగానీ, నీ మంచం పక్కకి జరుపుకో. దారికి అడ్డం."

"గోడలోంచి దారేంటి పెద్దమ్మా?"

"నీతో వాదించే ఓపిక నాకు లేదు. జరుపుకో."

విసుక్కుంటూనే జరిపి, తలుపు గొళ్ళెం పెట్టి పడుకున్నాను.

చీకట్లో మెలకువ వచ్చింది. కాళ్ళీడుస్తూ ఎవరో నడుస్తున్న చప్పుడు. గోడ అవతలే అనుకున్నాను. అంతలో అది గడప దాటి లోపలికొచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. నన్ను దాటి తలుపు వైపు పోతారని ఊపిరి బిగబట్టి చూశాను. గొళ్ళెం కదల్లేదు. కలేమోనని చెయ్యి గిల్లుకుంటే నొప్పేసింది. మరి ఇంతమందీ ఎక్కడున్నట్టు?

కాళ్ళ వైపు మంచం కిర్రుమని కుంగింది.

"కాస్త జరుగు నాయనా," అంది ఎవరిదో అలిసిపోయిన గొంతు, ఎంతో మర్యాదగా. "వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు."